కార్చిచ్చు కబురు మన నుడిలో రాదా?

శివరాత్రితో చలి ‘శివ శివా’ అంటూ వెళ్ళిపోతుందని మన పెద్దల మాట. ఆ చలి వెళ్ళిన నాటినుంచే కృష్ణగిరి జిల్లాలోని గుట్టలకూ కోనలకూ గండం మొదలవుతుంది. డెంకణికోట, అంచెట్టి, తళి, జవళగిరి అడవులలో ఆకు రాలి నేల కనబడకుండా పరచుకొంటుంది. బోదగడ్డి నిలువునా ఎండుతుంది. వెదురు పొదలు గాలికి గలగలమంటాయి. పోచంపల్లి, బర్గూరు, ఊత్తంగర వైపు గుట్టల మీది గడ్డి ఒక్క అగ్గిపుల్లకోసం కాచుకొని ఉంటుంది. మళ్ళీ వాన చినుకు పడేదాకా అడవి అంచున ఉన్న ప్రతి కుటుంబమూ పొగ ఎటు లేస్తున్నదో చూచుకొంటూ బతకవలసిందే.

ఈ కాలమంతటిలో ఆ అంచున కాపురమున్న తెలుగు కుటుంబానికి అడవి నిప్పును గురించి సర్కారువారు దాని నుడిలో చెప్పే మాటలెన్ని? నేను ఎరిగినంతవరకు ఒక్కటీ లేదు.

మన పత్రికలో బడుల గురించి రాసుకొన్నాం. పాఠ్యపుస్తకాలు అందని సంగతి రాసుకొన్నాం. ఉపాధ్యాయుల ఖాళీలను నింపరేమని అడిగాం. అవన్నీ అడగవలసినవే. కాని నుడి హక్కు బడి గడప దగ్గర ఆగిపోయేది కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెవిన పడే మాట ఏ నుడిలో ఉండాలన్నది కూడా నుడి హక్కే. అందులోనూ అది మొదటి హక్కు అని నా వాదం.

ఏ పోచంపల్లి?

నేను పోచంపల్లి తాలూకాలో పుట్టి పెరిగినవాణ్ణి. పోచంపల్లి అనగానే ఆవలి తెలుగు మిత్రులకు పట్టుచీరలూ, 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలుపెట్టిన పల్లే గుర్తుకు వస్తాయి. ఇది ఆ పోచంపల్లి కాదు. ఇది కృష్ణగిరికి ఆగ్నేయాన, పాత బారామహలు సీమలో ఉన్న పోచంపల్లి. ఆదివారం సంత, మామిడి తోపులు, చేరువలో బారూరు చెరువు దీని గురుతులు. పేరులోనే పల్లె ఉంది. ఏలుబడి మాత్రం ఎన్నో చేతులు మారింది. సేలం జిల్లాలో ఉన్నాం, 1965లో ధర్మపురి జిల్లాలోకి వచ్చాం, 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చాం. జిల్లా పేరు మారిన ప్రతిసారీ పలకల మీది రాత మారింది. మన ఇంటి మాట మారలేదు.

హోసూరు వైపు అడవి దట్టం, ఏనుగుల మందలు ఎక్కువ. అక్కడ కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యాన్ని 2014లోనూ, కావేరి దక్షిణ అభయారణ్యాన్ని 2022లోనూ ప్రకటించారు. మా వైపు గుట్టలు, గడ్డి, ముళ్ళకంప, వాటి పాదాన మామిడి తోపులు. అక్కడ నిప్పు అడవిని తింటుంది. ఇక్కడ నిప్పు గుట్ట దిగి తోపులోకి వస్తుంది. పిందె పట్టిన చెట్టు సెగ తగిలితే ఆ ఏటి కాపు పోయినట్టే. చెట్టే కాలితే, మళ్ళీ నాటి కాపు చూడటానికి ఏళ్ళు పడుతుంది. అడవిలో నిప్పు లేస్తే ఏనుగులు ఊళ్ళవైపు మళ్ళుతాయన్న దిగులు మరొకటి.

నిప్పుకు ఎల్ల తెలియదు, ఏనుగుకూ తెలియదు. 1980ల నడుమ హోసూరు, ధర్మపురి అడవులనుంచి బయలుదేరిన ఏనుగులే చిత్తూరు జిల్లా కౌండిన్య అడవికి చేరి అక్కడ స్థిరపడ్డాయి. అవి మూడు రాష్ట్రాల ఎల్లలను ఎవరి అనుమతీ అడగకుండా దాటాయి. గీత గీచింది మనుషులు. ఆ గీత వలన మాట కోల్పోయిందీ మనుషులే.

నిప్పును చూచే కళ్ళు

మన ఇంటి పిల్లలు ఫోనులో చూచే పటాలు ఎక్కడినుంచి వస్తున్నాయో పెద్దలకు తెలియాలి. అందుకే ఆ ఏర్పాటును కొంచెం విడమరచి చెపుతాను.

డెహ్రాడూనులోని ఫారెస్టు సర్వే ఆఫ్ ఇండియా 2004నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను గుర్తిస్తున్నది. మొదట టెర్రా, ఆక్వా అనే రెండు ఉపగ్రహాల మీది పరికరం ఆధారం. అది నేలను కిలోమీటరు గళ్ళుగా చూచేది. 2017నుంచి ఎస్‌ఎన్‌పీపీ ఉపగ్రహం మీది వీఐఐఆర్‌ఎస్ పరికరాన్ని కూడా వాడుతున్నారు. దీని గడి 375 మీటర్లే. కనుక మునుపు కంటికి ఆనని చిన్న మంటలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. ఉపగ్రహం పంపే సమాచారాన్ని మన హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక కేంద్రం, దాని షాద్‌నగర్ భూకేంద్రం అందుకొంటాయి. 2019 జనవరిలో ‘వన్ అగ్ని’ అనే పటాల వేదికను తెరిచారు. ఎవరైనా తమ పేరు నమోదు చేసుకొంటే తమ జిల్లాకో, అటవీ రేంజికో, బీటుకో సంబంధించిన నిప్పు సందేశం ఫోనుకు వస్తుంది. అమెరికావారి నాసా సంస్థ ‘ఫర్మ్స్’ అనే పటాన్ని లోకమంతటికీ ఉచితంగా తెరిచి ఉంచింది. ఉపగ్రహం దాటిన మూడు గంటలలోపే అందులో ఎర్రచుక్క పడుతుంది.

దేశంలోని అడవిలో 36 శాతానికి తరచు నిప్పు ముప్పు ఉన్నదని ఫారెస్టు సర్వేవారి 2019 నివేదికే చెప్పింది. ఇంత పెద్ద ముప్పుకు ఇంత మంచి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తలకు దండం పెట్టవలసిందే.

అయితే ఆ కళ్ళకు ఉన్న కొరతను కూడా తెలుసుకోవాలి. ఈ ఉపగ్రహాలు మన నెత్తిమీదికి ముఖ్యంగా మధ్యాహ్నం ఒకటిన్నరకు అటూ ఇటుగా, తిరిగి అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకు అటూ ఇటుగా వస్తాయి. మధ్యాహ్నం మూడు గంటలకు ఒక బీడీ ముక్క గడ్డిలో పడిందనుకోండి. ఆకాశంలోని కన్ను దాన్ని చూచేసరికి నడిరేయి దాటుతుంది. ఈలోపల మంట ఒక గుట్టను తిని రెండో గుట్టను పట్టుకొని ఉంటుంది. మబ్బు పట్టినా, దట్టమైన చెట్ల కింద నేలబారున పాకే మంటైనా ఆ కంటికి ఆనకపోవచ్చు. పొలంలో చెత్త కాల్చినా, ఇటుక బట్టీ మండినా చుక్క పడవచ్చు.

కనుక మూడు గంటలకు లేచిన పొగను మూడుంబావుకు చూచేది ఎవరు? మేకలు తోలుకొని గుట్టెక్కిన కాపరి. చింతకాయ రాల్చను వెళ్ళిన అవ్వ. తోపుకు కావలి ఉన్న తాత. నిప్పును మొదట కనిపెట్టే పరికరం వీరే. వీరి నోట ఉన్నది తెలుగు, కన్నడం, ఇరుళం. ఏర్పాటు మొత్తానికీ మొదటి మెట్టయిన వీరి నుడిని ఆ ఏర్పాటులో ఎక్కడా చేర్చలేదు. నా ఫిర్యాదు అంతా ఇదే.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి

హెచ్చరిక అంటే పైనుంచి కిందికి వచ్చే మాట మాత్రమే అని అధికారులు అనుకొంటారు. కాదు. అది రెండు దారుల బాట. ఉపగ్రహం చూచింది ఊరికి తెలియాలి, ఊరు చూచింది కార్యాలయానికి తెలియాలి. రెండు దారులలోనూ మనకు అడ్డుగోడే.

పైనుంచి వచ్చేది చూడండి. ఉపగ్రహ సందేశం అక్షాంశ రేఖాంశాల అంకెలతో ఇంగ్లీషులో వస్తుంది. జిల్లా ప్రకటన తమిళంలో వస్తుంది. అవ్వకు ఏదీ చదవరాదు. తాత చిన్ననాడు తెలుగు బడిలో చదివినవాడైతే తెలుగు చదవగలడు, తమిళం చదవలేడు. మనవడు తమిళ బడిలో చదివినవాడు. 2006నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత పెరిగినవాడు. తమిళం చదువుతాడు, తెలుగు మాట్లాడతాడు, తెలుగు చదవలేడు. ఒకే ఇంటిలో మూడు తరాలు. ఈ ముగ్గురికీ ఒకే వేళకు అర్థమయ్యేది ఒక్కటే ఉంది. అది చెవిన పడే తెలుగు మాట. ఈ సంగతి మన ఉద్యమకారులు కూడా గుర్తుంచుకోవాలి. తెలుగు లిపిలో ఒక కాగితం అంటిస్తే నెరవేరే పని కాదిది. పలికే తెలుగు కావాలి.

కిందినుంచి పైకి వెళ్ళేది చూడండి. మూడేళ్ళ కిందట మా బంధువుల ఊరి దగ్గర గుట్టమీద పొగ లేచింది. మా చిన్నమ్మ తన ఫోనునుంచి ఒక కార్యాలయానికి ఫోను చేసింది. అవతలివారు తమిళంలో ‘ఏ ఊరు, ఏ మలై’ అని అడిగారు. ఆమె ఆ గుట్టకు మా ఊరివారు తరతరాలుగా పిలుచుకొనే తెలుగు పేరు చెప్పింది. ఆ పేరు వారి పుస్తకంలో లేదు. వారి పుస్తకంలోని పేరు ఆమె పుట్టి బుద్ధెరిగి విననిది. ‘తమిళం తెలిసినవారికి ఫోను ఇవ్వండి’ అన్నారు. ఇంటిలో ఆమె ఒక్కతే. ఫోను పెట్టేశారు. సాయంత్రం కొడుకు పనినుంచి వచ్చి మళ్ళీ చెప్పేదాకా ఆ పొగ అట్లాగే లేస్తూ ఉన్నది. ఆ రోజు గాలి లేదు కనుక గండం గడిచింది. రేపు గాలి ఉంటే?

ఇందులో ఆ ఉద్యోగి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. అతనికి తెలుగు రావాలని ఎవరూ చెప్పలేదు. గుట్ట పేరు రెండు విధాలుగా ఉండగలదని ఎవరూ రాసిపెట్టలేదు. ఊరి పేర్లను తిరగరాయడానికి మాత్రం మన ఏలికలకు తీరిక దొరుకుతుంది. 2020 జూన్‌లో 1,018 ఊళ్ళ పేర్లకు తమిళ ఉచ్చారణ ప్రకారం ఇంగ్లీషు రాత మార్చుతూ ఆజ్ఞ ఇచ్చి, కొద్ది దినాలకే వెనక్కు తీసుకొన్నారు. పేరు ఎట్లా రాయాలన్నదాని మీద ఉన్న పట్టింపులో పదోవంతు, ఆ ఊరివారు తమ గుట్టను ఏమని పిలుస్తారన్నదాని మీద ఉంటే మా చిన్నమ్మ మాట ఆనాడే పనికి వచ్చేది.

చట్టం మన పక్కనే ఉంది

ఇది దయాభిక్ష కాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఈ దేశంలో ఎవరైనా తన కష్టాన్ని ప్రభుత్వానికి, ఆ రాష్ట్రంలోనో కేంద్రంలోనో వాడుకలో ఉన్న ఏ నుడిలోనైనా విన్నవించుకోవచ్చు. ‘మా గుట్ట కాలుతున్నది’ అన్నదానికంటే పెద్ద విన్నపం ఏముంటుంది? 350బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల రక్షణలను చూడటానికి ఒక ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేసింది. 1956లో కేంద్రం వెలువరించిన మెమోరాండం, ఒక జిల్లాలోనో తాలూకాలోనో పురపాలికలోనో అల్పసంఖ్యాక భాషవారు 15నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలనూ నియమాలనూ వారి భాషలో కూడా వెలువరించాలని చెప్పింది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశం ఆ రక్షణలను మళ్ళీ ఒప్పుకొన్నది.

నిప్పు వస్తున్నది, ఊరు విడవండి అన్నది ముఖ్యమైన ప్రకటన కాదా? 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు తల్లినుడిగా చెప్పుకొన్నవారు దాదాపు 42 లక్షలు. వారిలో ఎందరు ఏ తాలూకాలో ఉన్నారో లెక్కలు తీసి జిల్లా గోడమీద అంటించమనండి. 15 శాతం దాటిన తాలూకాలన్నింటిలో హెచ్చరిక తెలుగులో కూడా రావాలని మనం అడగనక్కరలేదు. ఆ కాగితమే అడుగుతుంది.

ఇంకొక సంగతి. అడవిలో మేపు హక్కో కట్టెల హక్కో పొందినవాడు నిప్పు కనబడితే వెంటనే తెలియజేయాలని, ఆర్పడానికి సాయపడాలని 1927నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షను చెపుతుంది. తమిళనాడులో అమలులో ఉన్నది 1882నాటి వేరే చట్టమే అయినా, రెండింటి తీరు ఒకటే. అడవిలో నిప్పు పెట్టడం నేరం, ఆర్పడం బాధ్యత. అభయారణ్యంలో నిప్పు పెట్టరాదని 1972నాటి వన్యప్రాణి చట్టం కూడా అంటుంది. మంచిదే. బాధ్యతను మన నెత్తిన పెట్టేటప్పుడు నుడి అడ్డం రాలేదు. ఆ బాధ్యత నెరవేర్చడానికి మనం నోరు తెరిచేటప్పుడు మాత్రం నుడి అడ్డం వస్తుందా? ఇదెక్కడి న్యాయం?

లోకం నేర్చుకొన్న పాఠం

2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండలలో గడ్డి మంట చుట్టుముట్టి, కొండలెక్కను వెళ్ళినవారిలో 23 మంది ప్రాణాలు పోయాయి. కబురు వేళకు అందకపోతే ఏమవుతుందో మన రాష్ట్రానికి ఆనాడే తెలిసింది. 2019 ఫిబ్రవరిలో పొరుగున బండీపురం అడవి వేల ఎకరాలు కాలింది. 2014 మార్చిలో తిరుమల కొండలమీద శేషాచలం అడవి అంటుకొంటే వాయుసేన హెలికాప్టర్లు నీళ్ళు చల్లవలసి వచ్చింది.

అమెరికాలోని కాలిఫోర్నియా సంగతి మనకు ఇంకా దగ్గరిది. మన తెలుగువారి పిల్లలు ఎందరో అక్కడ కాపురమున్నారు. 2017 డిసెంబరులో అక్కడ థామస్ కార్చిచ్చు చెలరేగినప్పుడు హెచ్చరికలు ఇంగ్లీషులో దండిగా వచ్చాయి. స్పానిషులో అరకొరగా వచ్చాయి. తోటలలో కూలి చేసే మిశ్తెకో నుడివారికి దాదాపు ఏమీ అందలేదు. వారికి స్పానిషు కూడా అంతంతమాత్రమే. వారి స్వచ్ఛంద సంఘాలూ సొంత రేడియోవారూ పూనుకొని చెప్పుకోవలసి వచ్చింది. 2019 డిసెంబరులో ఆ రాష్ట్రపు ఆడిటరే మూడు కౌంటీలను తప్పుపట్టారు. ఇంగ్లీషు రానివారికి హెచ్చరిక చేర్చే ఏర్పాటు చాలలేదని రాశారు. ఆ రాష్ట్రం ఆ నివేదికను దాచుకోలేదు, అచ్చువేసి జనం ముందు పెట్టింది.

2023 ఆగస్టులో హవాయి దీవులలోని లహైనా పట్టణం కాలి నూరుమందికి పైగా చనిపోయారు. లోకంలోనే పెద్దవనిపించుకొన్న అక్కడి సైరన్లు ఆనాడు మోగలేదు. ఏర్పాటు ఉండటం వేరు, అది మోగడం వేరు. 2025 ఏప్రిల్‌లో అమెరికా వాతావరణ శాఖవారు ఒప్పందం ముగిసిందని ఇంగ్లీషేతర భాషల అనువాదాలను కొన్నాళ్ళు ఆపేశారు. గోల లేచాక మళ్ళీ మొదలుపెట్టారు. సంపద ఉన్న దేశంలో కూడా అడగకపోతే ఆగిపోతుంది, అడిగితే సాగుతుంది.

అదే కాలిఫోర్నియాలో 2021లో ‘వాచ్ డ్యూటీ’ అనే ఏర్పాటు పుట్టింది. లాభాపేక్ష లేనిది. రిటైరైన అగ్నిమాపకులూ ఇతర స్వచ్ఛంద సేవకులూ రేడియో మాటలు విని, పటాలు చూచి, నిజమని రూఢి చేసుకొన్నాకే జనానికి చెపుతారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టూ మంటలు లేచినప్పుడు లక్షలాది మంది దానిమీద ఆధారపడ్డారు. ఆ పనికి కావలసింది చెవి, ఓపిక, నిజం తప్ప మాట చెప్పకూడదన్న కట్టుబాటు. అవి మన పల్లెలలో లేవా?

మూడు సాకులు

మొదటి సాకు: ‘ఇక్కడ అందరికీ తమిళం వచ్చుకదా?’ సంతలో బేరమాడటానికి చాలినంత వచ్చు. సంత నుడి వేరు, గండపు నుడి వేరు. ‘గాలి పడమటికి తిరిగింది, కోన దారి వదిలి చెరువు కట్టకు రండి’ అన్న మాటను ఒకసారి వినగానే ఒంటికి పట్టించుకోవాలి. మనసులో తిరగవేసి అర్థం చేసుకొనే వ్యవధి నిప్పు ఇవ్వదు.

రెండో సాకు: ‘ఫోనే అనువాదం చేస్తుంది కదా?’ ఫోనుకు మా గుట్ట పేరు తెలియదు. మా అవ్వకు ఆ ఫోనును ఎట్లా అడగాలో తెలియదు. అడవిలో ఫోనుకు అందేది ఎవరి సిగ్నలో ఎవరూ చెప్పలేరు. ఎల్లమీద ఉన్న పల్లెలలో ఒక ఇంటి ముంగిట కర్ణాటక టవరు పలుకుతుంది, పెరట్లో తమిళనాడు టవరు పలుకుతుంది. యంత్రం సాయానికి మంచిదే. సర్కారు బాధ్యతను యంత్రం నెత్తిన వేసి తప్పుకోవడం మంచిది కాదు.

మూడో సాకు: ‘అడవి కాలుతుంటే భాషాగొడవా?’ అడవి కాలుతున్నప్పుడు మాట్లాడితే గొడవ అంటారు, కాలనప్పుడు మాట్లాడితే అవసరమేమంటారు. మాట్లాడవలసిన వేళ ఏది? 2023లో దేశమంతటా దశలవారీగా సెల్‌ఫోన్లు పెద్దగా మోగించి ఆపద హెచ్చరికను పరీక్షించారు. ఆ పనితనం ఏ నుడిలోనైనా సందేశం పంపగలదు. చేత కాదన్న మాటకు ఇక చోటు లేదు, చేయాలన్న తలపే కరువు.

తమిళ సోదరులతో మనకు తగవు లేదు. తమ నుడికోసం వారు చేసిన పోరు మనకు పాఠం. కనుకనే నేను రెండు వైపులా ఒకే న్యాయం అడుగుతున్నాను. కుప్పం, చిత్తూరు ఎల్లలలో ఉన్న తమిళ కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్ సర్కారు తమిళంలో హెచ్చరిక పంపాలి. మన జిల్లాలోని కన్నడిగులకూ ఇరుళర్లకూ వారి నుడులలో చేరాలి. అడవి మంటను మనం కార్చిచ్చు అంటాం. ‘కాఱు’ అంటే అడవి, ‘చిచ్చు’ అంటే నిప్పు. కన్నడిగులు కాళ్గిచ్చు అంటారు, మన చిచ్చే వారి కిచ్చు. తమిళులు కాట్టుత్తీ అంటారు. మూడు మాటలు పలికితే అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం దగ్గరే ఇంత పిసినారితనమా?

మనం అడగవలసినవి

1. ఫిబ్రవరినుంచి మే నెల ముగిసేదాకా జిల్లా యంత్రాంగం పంపే ప్రతి అడవి నిప్పు హెచ్చరికా తమిళంతోపాటు తెలుగులోనూ కన్నడంలోనూ గొంతుతో పలికే సందేశంగా ఫోనులకు రావాలి.

2. జిల్లా ఆపద సహాయ సంఖ్య 1077 దగ్గరా, అటవీ కార్యాలయాలలోనూ ఈ నెలలలో ప్రతి వంతులోనూ తెలుగు తెలిసినవారు ఒకరు, కన్నడం తెలిసినవారు ఒకరు ఉండాలి.

3. గుట్టలు, కోనలు, వంకలు, చెరువుల స్థానిక పేర్లన్నీ ఊరివారిని అడిగి రాసి, పటంమీద గుర్తుపెట్టి, అధికారిక పేరు పక్కన ఉంచాలి.

4. ఏనుగులు వచ్చాయని మైకులో చాటినట్టే, నిప్పు ముప్పు ఉన్న దినాలలో పల్లెలలోనూ వారపు సంతలలోనూ చాటాలి. పోచంపల్లి ఆదివారం సంతలో ఒక్క చాటింపు వేస్తే సాయంత్రానికి చుట్టుపట్ల పల్లెలన్నింటికీ కబురు చేరుతుంది.

5. ధర్మపురి ఆకాశవాణి ఈ నెలలలో రోజుకు ఐదు నిమిషాలు అడవి కబురును తెలుగులో, మరో ఐదు నిమిషాలు కన్నడంలో వినిపించాలి.

6. వేసవిలో నిప్పు కావలికి పెట్టుకొనేవారిని అడవి అంచు పల్లెలనుంచే, ఆ నుడులు పలికేవారినుంచే తీసుకోవాలి. తగిన కూలీ, కాలికి జోడు, తాగను నీళ్ళు ఇవ్వాలి.

మనం చేయవలసినవి

అడిగి ఊరుకొంటే చాలదు. సర్కారు కదిలేలోపల మరో వేసవి వచ్చేస్తుంది. ప్రతి ఊరిలోనూ ఇద్దరు పిల్లలు ఫారెస్టు సర్వే సందేశాలకు పేరు నమోదు చేసుకోండి. ఎర్రచుక్క కనబడగానే గుండెలు బాదుకోవద్దు, పంచుకోవద్దు. ముందు ఆ వైపు ఊరివారికి ఫోను చేసి పొగ ఉన్నదా అని అడగండి. 2020 మే నెలలో ఉత్తరాఖండ్ అడవులు కాలుతున్నాయని ఎక్కడెక్కడివో పాత బొమ్మలు దేశమంతా తిరిగి, అవి అబద్ధమని సర్కారువారు చెప్పుకోవలసి వచ్చింది. మన ఊరి గుంపులో అటువంటిది తిరగకూడదు. రూఢి అయ్యాక తెలుగులో గొంతు సందేశం పెట్టండి. అందులో ఐదే సంగతులు ఉండాలి: ఏ గుట్ట, ఎప్పుడు చూచారు, గాలి ఎటు, ఏ దారి మూసుకొంది, ఎవరికి తెలియజేశారు. తరువాత 1077కూ 101కీ 112కూ ఫోను చేయండి. తెలుగులోనే మొదలుపెట్టండి. అర్థం కాలేదంటే, తమిళం వచ్చిన మనవడు పక్కన ఉంటే చెప్పించండి. పని ఆగకూడదు. అయితే ఆ దినం, ఆ వేళ, వారి జవాబు ఒక చీటీమీద రాసిపెట్టండి. భాషా అల్పసంఖ్యాకుల అధికారికి పంపే విన్నపానికి ఆ చీటీలే సాక్ష్యం.

ఇంటిలో పిల్లలకు ఇవి కూడా చెప్పండి. మంట ఎగువకు వేగంగా పాకుతుంది, కనుక నిప్పు కింద ఉన్నప్పుడు కొండ పైకి పరుగెత్తరాదు. పక్కకు తొలగి బండలవైపో, దున్నిన చేనివైపో, చెరువువైపో, ఇదివరకే కాలి చల్లారిన నేలవైపో పోవాలి. పశువుల తాళ్ళు విప్పేయాలి. తోపు చుట్టూ మాఘంలోనే గడ్డి చెక్కి నాలుగు మూరల మట్టి బాట తీసి ఉంచాలి. కొత్త గడ్డి మొలుస్తుందని గుట్టకు అగ్గి పెట్టేవారు మనలోనూ ఉన్నారు. వారిని ఊరే ఆపాలి. హక్కు అడిగే నోటికి ఆ శుద్ధి ఉండాలి.

ఎల్లలకు అవతల ఉన్న తెలుగు సర్కారులకు కూడా ఒక మాట. ప్రపంచ మహాసభలు జరిగినప్పుడు మమ్మల్ని వేదికమీద నిలబెట్టి శాలువా కప్పుతారు. శాలువా వద్దు. కృష్ణగిరి కలెక్టరుకు ఒక ఉత్తరం రాయండి. తెలుగులో పలికిన నాలుగు హెచ్చరికలు రికార్డు చేసి పంపండి. చిత్తూరు అడవిలో లేచిన నిప్పు కబురు కృష్ణగిరికీ, కృష్ణగిరిలో లేచిన కబురు చిత్తూరుకూ మూడు నుడులలో చేరే ఒప్పందం ఒకటి మూడు రాష్ట్రాల నడుమ చేయించండి. అది మాకు పది మహాసభల పెట్టు.

మిత్రులారా, ఈ సంచిక అందిన వారంలోపల మీ పంచాయతీలో ఒక తీర్మానం చేయించండి. పై ఆరు సంగతులూ అందులో ఉండాలి. ఒక ప్రతి జిల్లా కలెక్టరుకూ, ఒక ప్రతి అటవీ అధికారికీ, ఒక ప్రతి భాషా అల్పసంఖ్యాకుల అధికారికీ తెలుగులోనే పంపండి. 350వ అధికరణం మీ చేతిలో ఉంది. రసీదు తీసుకోవడం మాత్రం మరవకండి.